మాస్టారి ఉత్తరాలు ఎందుకు అందలేదంటే

ఆగస్టు చివరి వారంలో మా మెయిలింగ్ లిస్టు ఉన్నట్టుండి మూగబోయింది. సర్వర్ బాగానే నడుస్తోంది, వెబ్ పేజీ తెరుచుకుంటోంది, ఎక్కడా ఎర్ర అక్షరాలు లేవు. కానీ ఉత్తరాలు రాసేవాళ్లకు జవాబుల్లేవు. సొంత మెయిల్ సర్వర్, లిస్టు నడిపేవాళ్లు తెలుగులో ఇంకా ఎవరైనా ఉంటే పనికొస్తుందని ఈ సంగతంతా వివరంగా రాస్తున్నాను.

ముందు లిస్టు గురించి కొంచెం. మెయిలింగ్ లిస్టు అంటే ఒక్క అడ్రస్‌కి రాస్తే సభ్యులందరికీ ఈమెయిల్‌గా చేరే ఏర్పాటు. మా జిల్లా చరిత్ర, భాష, పాత కథలు, శాసనాల గురించి రాసుకునే బృందం ఇది. సభ్యులు రెండొందల పైచిలుకు. సగానికి పైగా రిటైరైన టీచర్లు, పోస్టాఫీసులో, బ్యాంకులో చేసి దిగినవాళ్లు. ఇచ్ఛాపురం నుంచి రాజాం దాకా ఉన్నారు, విజయనగరం, పార్వతీపురం వాళ్లూ ఉన్నారు, ఊరొదిలి భువనేశ్వర్‌లోనో హైదరాబాద్‌లోనో పిల్లల దగ్గర ఉంటున్నవాళ్లూ ఉన్నారు. సర్వర్ ముంబైలో అద్దెకు తీసుకున్న చిన్న వర్చువల్ మెషీన్. మెయిల్ పంపడానికి పోస్ట్‌ఫిక్స్, లిస్టు నడపడానికి మెయిల్‌మ్యాన్ 3. మొదట దాన్ని కట్టిన కుర్రాడికి విశాఖలో ఉద్యోగం వచ్చి వెళ్లాడు. నేను శ్రీకాకుళంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను కాబట్టి ఆ బాధ్యత నాకు అప్పగించారు.

వాట్సాప్ ఉండగా ఇదంతా ఎందుకని చాలామంది అడుగుతారు. శ్రీముఖలింగం గుడి గోడ మీద ఒక శాసనం ఫొటో, దాని పాఠం, అందులో ఒక్క అక్షరం మీద నలుగురి వాదన, ఇవన్నీ ఐదేళ్ల తర్వాత కూడా ఒక్క మాట కొట్టి వెతికితే దొరకాలంటే వాట్సాప్ గ్రూపులో కుదరదు. పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పడి పోతాయి. మా లిస్టు ఆర్కైవ్‌లో (పాత ఉత్తరాలన్నీ దాచే చోటు) ఉన్న ఉత్తరాలు కొన్ని ఏ పుస్తకంలోనూ లేవు. అందుకే దీన్ని నేను చాలా జాగ్రత్తగా చూసుకుంటాను.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన 1863లో మన శ్రీముఖలింగం పక్కనున్న పర్వతాలపేటలో పుట్టారు. ఏటా ఆ రోజుల్లో మా లిస్టు సందడిగా ఉంటుంది. ఈసారి నరసన్నపేట వైపు ఉండే మాస్టారు ఒకాయన, గిడుగు వారు ముఖలింగం శాసనాలు చదవడం నేర్చుకున్న సంగతి, సవర భాష కోసం పడ్డ కష్టం, 1931లో అచ్చయిన సవర భాషా పుస్తకం, ఇవన్నీ రోజుకో ఉత్తరంగా రాయడం మొదలుపెట్టారు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, కంటి చూపు అంతంత మాత్రం. ఒక్కో ఉత్తరం పొద్దంతా టైపు చేస్తారు.

మొదట్లో ఇద్దరు ముగ్గురు జవాబు రాశారు. తర్వాత ఎవరూ రాయలేదు. మాస్టారు ఫోన్ చేశారు. "ఏటమ్మా, నానేటైనా తప్పు రాసినానా? ఒక్కరూ ఉలకరు, పలకరు. అక్కర్లేదనుకుంటే ఆపేస్తానమ్మా." ఆయన గొంతు విని నాకు చాలా టెన్షన్ వచ్చింది. "మాస్టారూ, మీరు ఆపకండి, నేను చూసి చెప్తాను" అన్నాను.

ఇలాంటప్పుడు అందరూ ముందు చూసేది క్యూ. పంపలేకపోయిన మెయిల్స్ క్యూలో ఉండిపోతాయి. అవతలి సర్వర్ పడిపోయి ఉంటే పోస్ట్‌ఫిక్స్ మామూలుగా ఐదు రోజుల పాటు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. చూస్తే క్యూ ఖాళీ. డిస్క్ నిండలేదు. నా అడ్రస్ నుంచి లిస్టుకు ఒక టెస్ట్ మెయిల్ పెడితే, నా ఇంకో జీమెయిల్‌కి క్షణంలో వచ్చింది. అంతా బాగున్నట్టే లెక్క. కానీ టెస్ట్ మెయిల్ మనం పెట్టుకుంటే అది మన అడ్రస్‌కి సంబంధించిన సంగతి మాత్రమే చెబుతుంది. మాస్టారి మెయిల్‌కి ఏమైందో మాస్టారి మెయిల్‌నే పట్టుకుని వెతకాలి.

ప్రతి మెయిల్‌కీ ఒక మెసేజ్ ఐడీ ఉంటుంది. ఆర్కైవ్‌లోంచి మాస్టారి మూడో ఉత్తరం ఐడీ తీసుకుని మెయిల్ లాగ్‌లో, అంటే సర్వర్ పంపిన ప్రతి మెయిల్ సంగతీ రాసుకునే ఫైల్లో, వెతికాను. ఆ ఒక్క ఉత్తరానికి లాగ్‌లో పేజీలకు పేజీలు వచ్చాయి. కొన్ని లైన్ల చివర 'సెంట్' అని ఉంది. మిగతా చాలావాటి, అంటే జీమెయిల్ అడ్రస్‌లకు వెళ్లినవాటి, చివర 'బౌన్స్డ్' (తిరిగొచ్చింది) అని, దాని పక్కన 550, 5.7.26 అన్న అంకెలు, ఆ తర్వాత ఒక వాక్యం. ఆ వాక్యం భావం ఇది: ఈ మెయిల్ ఏ డొమైన్ (అడ్రస్‌లో @ తర్వాతి భాగం) పేరుతో వచ్చిందో ఆ డొమైన్ డీమార్క్ పాలసీ (దీని సంగతి కింద చెబుతాను) ప్రకారం, ధ్రువీకరణ లేని దీన్ని తీసుకోము. 5తో మొదలయ్యే కోడ్ వస్తే అది ఖరాఖండిగా వద్దన్నట్టు. 4తో మొదలైతే కాసేపాగి రమ్మన్నట్టు. 550 కాబట్టి పోస్ట్‌ఫిక్స్ మళ్లీ ప్రయత్నించలేదు. అందుకే క్యూ ఖాళీగా కనిపించింది.

దీన్ని మాస్టారికి ఫోన్‌లో ఇలా చెప్పాను. ప్రతి మెయిల్‌కీ పంపినవారి పేరు రెండు చోట్ల ఉంటుంది, మన పోస్టు ఉత్తరానికి ఉన్నట్టే. కవరు మీద రాసే 'నుండి' అడ్రస్ ఒకటి, లోపల ఉత్తరంలో పెట్టే పేరు ఒకటి. లిస్టు చేసే పని ఏమిటంటే, మాస్టారి ఉత్తరాన్ని తన సొంత కవర్లో పెట్టి రెండొందల మందికీ పంపుతుంది. అంటే కవరు మీద లిస్టు అడ్రస్, లోపల మాస్టారి అడ్రస్.

ఇప్పుడు అందుకునే సర్వర్ రెండు పరీక్షలు చేస్తుంది. మొదటిది ఎస్‌పీఎఫ్. కవరు మీదున్న డొమైన్ తరఫున ఈ ఐపీ (సర్వర్ అంకెల అడ్రస్) నుంచి మెయిల్ పంపడానికి అనుమతి ఉందా అని డీఎన్ఎస్‌లో, అంటే డొమైన్ల వివరాలు అందరికీ కనిపించేలా ఉండే పట్టికలో, చూస్తుంది. మా డొమైన్, మా ఐపీ కాబట్టి అది పాస్. రెండోది డీకిమ్. మాస్టారి మెయిల్ కంపెనీ ఆయన ఉత్తరం బయల్దేరేటప్పుడు డిజిటల్ సంతకం చేస్తుంది. సబ్జెక్టు, ఉత్తరంలోని విషయం అన్నీ ఆ సంతకం లెక్కలోకి వస్తాయి. మా లిస్టు ఏం చేస్తుందంటే, సబ్జెక్టు ముందు లిస్టు పేరు ట్యాగ్ తగిలిస్తుంది, చివర రెండు లైన్ల ఫుటర్ చేరుస్తుంది. ఒక్క అక్షరం మారినా సంతకం చెల్లదు. అలా డీకిమ్ పోయింది. ఎస్‌పీఎఫ్ పాసైంది కదా అంటే, డీమార్క్ అన్నది ఈ రెంటి మీద కూర్చునే నియమం. పాసైన డొమైన్, ఉత్తరంలో కనిపించే 'ఫ్రమ్' డొమైన్ ఒకటే అయి ఉండాలంటుంది. ఇక్కడ పాసైంది మా డొమైన్, కనిపించేది మాస్టారి డొమైన్. రెండు దారులూ మూసుకుపోయాయి. పైగా మాస్టారి మెయిల్ కంపెనీ, 'మా పేరుతో వచ్చి పరీక్ష తప్పిన మెయిల్‌ను తిప్పికొట్టండి' అని డీఎన్ఎస్‌లో రాసి పెట్టుకుంది. అందుకున్న సర్వర్ అక్షరాలా అదే చేసింది.

మాస్టారు అంతా విని, "అంటే నా సంతకం ఫోర్జరీ అనుకున్నారన్నమాట" అన్నారు. సరిగ్గా అంతే.

ఈ తకరారు కొత్తదేం కాదు. ఈమెయిల్ రవాణా నియమాలు 1982లో రాసినప్పుడు పంపినవాళ్లెవరో రుజువు చేయాలన్న ఆలోచనే లేదు. ఎవరి పేరైనా పెట్టుకోవచ్చు. 2014 ఏప్రిల్‌లో, తమ వినియోగదారుల పేర్లతో దొంగ మెయిల్స్ వెల్లువెత్తడంతో యాహూ, అదే నెలలో ఏఓఎల్ తమ డొమైన్లకు ఈ తిప్పికొట్టే పాలసీ పెట్టాయి. దొంగ మెయిల్స్ చాలావరకు తగ్గాయి. దాంతోపాటు ప్రపంచమంతా మెయిలింగ్ లిస్టులు కూడా దెబ్బతిన్నాయి. కొద్ది వారాల్లోనే మెయిల్‌మ్యాన్ వాళ్లు 2.1.18 వెర్షన్‌లో దీనికో దారి చూపించారు. ఇప్పుడు మెయిల్‌మ్యాన్ 3లోనూ ఆ సెట్టింగ్ ఉంది. కానీ కొత్తగా పెట్టుకున్న లిస్టులో అది ఆఫ్ చేసి ఉంటుంది. మా లిస్టులోనూ అలాగే ఉంది.

ఇంతవరకు మాస్టారి ఉత్తరాలు జీమెయిల్ వాళ్లకు ఎందుకు వెళ్లలేదో తెలిసింది. మరి లిస్టు మొత్తం ఎందుకు మూగబోయింది? మిగతావాళ్ల ఉత్తరాలకైనా జవాబులు రావాలి కదా. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈ రెండో సంగతే.

మెయిల్‌మ్యాన్ బౌన్సులు లెక్కపెడుతుంది. ఒక సభ్యుడి అడ్రస్ నుంచి మెయిల్ తిరిగొస్తే అతని పేరు మీద ఒక పాయింటు పడుతుంది. రోజుకు ఎన్ని తిరిగొచ్చినా ఒక్కటే పాయింటు. అది ఐదుకు చేరితే, ఈ అడ్రస్ పనిచేయట్లేదని తీర్మానించి అతనికి మెయిల్స్ ఆపేస్తుంది. చనిపోయిన అడ్రస్‌లకు పంపుతూ పోతే సర్వర్‌కి చెడ్డపేరు వస్తుంది కాబట్టి ఈ ఏర్పాటు మంచిదే. కానీ ఇక్కడ తిరిగొచ్చింది మాస్టారి ఉత్తరం. పాయింటు పడింది మాత్రం దాన్ని అందుకోవాల్సిన జీమెయిల్ సభ్యుల మీద. వాళ్ల అడ్రస్‌లు నిక్షేపంగా ఉన్నాయి. వాళ్లు చేసింది ఏమీ లేదు. మాస్టారు రోజూ రాస్తున్నారు కాబట్టి రోజుకో పాయింటు పడుతూ పోయింది. ఐదు నిండేసరికి జీమెయిల్ ఉన్న సభ్యులందరికీ ఒకేసారి మెయిల్స్ ఆగిపోయాయి. ఆ తర్వాత ఎవరు రాసినా చదివేవాళ్లు లేరు.

ఇన్నాళ్లూ ఇది బయటపడకపోవడానికి కారణం కూడా ఆ లెక్కలోనే ఉంది. ఏడు రోజుల పాటు కొత్త బౌన్స్ రాకపోతే పాత పాయింట్లు రద్దవుతాయి. మాస్టారు అంతకుముందు నెలకో ఉత్తరం రాసేవారు. ఒక పాయింటు పడేది, వారం గడిచేది, సున్నా అయ్యేది. అంటే ఆయన పాత ఉత్తరాలు కూడా సగం మందికి ఎప్పుడూ అందలేదన్నమాట. ఆయన రాసినవాటికి స్పందన తక్కువని మేమందరం అనుకునేవాళ్లం. శాలిహుండం స్తూపం గురించి ఆయన రాసిన చక్కటి ఉత్తరం ఒకటుంది. అది చదివినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది అయ్యుంటారు. ఇది తెలిసినప్పుడు నాకు నిజంగా మనసు కలుక్కుమంది.

సభ్యుడికి మెయిల్స్ ఆపినప్పుడు మెయిల్‌మ్యాన్ నిర్వాహకుడికి కబురు పంపుతుంది. ఆ కబుర్లు లిస్టు మొదలుపెట్టినప్పటి అడ్రస్‌కి పోతున్నాయి, ఆ మెయిల్‌బాక్స్ ఎవరూ తెరవడం లేదు. ఇప్పుడవి నాకూ, విజయనగరంలో ఉన్న ఇంకో సభ్యుడికీ, ఇద్దరికీ వస్తాయి.

ఇక మరమ్మతు. తెలిసినవాళ్లు చాలామంది ఇచ్చిన సలహా, 'ఆ పెద్దాయన్ని జీమెయిల్ తీసుకోమను, పోద్ది' అని. అది నాకు అస్సలు నచ్చలేదు. ఆయన అడ్రస్ ఇరవై ఏళ్ల నుంచి ఉంది. పెన్షన్ కాగితాలు, బంధువులు, పాత శిష్యులు అందరి దగ్గరా అదే ఉంది. లిస్టు నడవని తీరుకు సభ్యుడు అడ్రస్ మార్చుకోవడం ఏం న్యాయం? పైగా ఇవాళ మాస్టారి కంపెనీ, రేపు ఇంకోటి. బ్యాంకులు, కాలేజీలు, కంపెనీలు చాలావరకు ఈ పాలసీ వైపే వస్తున్నాయి. సరిచేయాల్సింది లిస్టునే.

దారులు రెండున్నాయి. ఒకటి, ఉత్తరాన్ని లిస్టు అసలు ముట్టుకోకుండా పంపడం. ట్యాగ్, ఫుటర్ రెండూ తీసేస్తే మాస్టారి కంపెనీ చేసిన డీకిమ్ సంతకం చెక్కుచెదరకుండా చేరుతుంది, డీమార్క్ పాసవుతుంది. సాంకేతికంగా నాకు ఇదే ఇష్టం. కానీ మా పెద్దవాళ్లలో చాలామంది ఫోన్‌లో సబ్జెక్టు ముందున్న ట్యాగ్ చూసే లిస్టు ఉత్తరాన్ని గుర్తుపడతారు. అది తీసేస్తే ఇబ్బంది.

రెండోది, ఉత్తరంలోని 'ఫ్రమ్' స్థానంలో లిస్టు అడ్రస్ పెట్టి, పేరు మాత్రం మాస్టారిది ఉంచడం. అప్పుడు కవరూ లిస్టుదే, లోపలి అడ్రసూ లిస్టుదే. మా సర్వర్ తన సొంత డీకిమ్ సంతకం కూడా చేస్తుంది. మేం సంతకానికి వాడే ఓపెన్‌డీకిమ్ అనే ప్రోగ్రాం, 'ఫ్రమ్' మా డొమైన్ అయితేనే సంతకం పెట్టేలా ఉంది కాబట్టి, ఇంతకుముందు ఇతరుల ఉత్తరాలకు పెట్టేది కాదు. ఇప్పుడు అదంతట అదే పెడుతోంది. మెయిల్‌మ్యాన్‌లో ఇంకో సౌకర్యం ఉంది. రాసినవాళ్ల డొమైన్ పాలసీని డీఎన్ఎస్‌లో చూసి, కఠినంగా ఉన్నవాటికే ఈ మార్పు చేస్తుంది, మిగతావాళ్ల పేరూ అడ్రసూ ముట్టుకోదు. నేను అలా పెట్టాను.

మార్చాక మాస్టారితో ఒక ఉత్తరం రాయించి, విజయనగరం సభ్యుడికి ఫోన్ చేసి, కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి 'షో ఒరిజినల్' నొక్కమన్నాను. ఫోన్ యాప్‌లో ఇది ఉండదు, కంప్యూటర్‌లోనే చూడాలి. పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి పక్కనా 'పాస్' అని ఉందని ఆయన చదివి వినిపించారు.

ఆపేసిన సభ్యులకు మళ్లీ మెయిల్స్ మొదలుపెట్టేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. మెయిల్‌మ్యాన్ ఎవరికి ఎందుకు ఆపిందో విడివిడిగా రాసుకుంటుంది: బౌన్సుల వల్ల ఆగినవాళ్లు వేరు, తమంతట తాము ఆపుకున్నవాళ్లు వేరు. అందరినీ ఒక్క దెబ్బకు ఆన్ చేస్తే, ఊరెళ్తున్నామనో ఒంట్లో బాగోలేదనో ఆపుకున్నవాళ్లకు కూడా వెళ్లిపోతాయి. కాబట్టి బౌన్సుల వల్ల ఆగినవాళ్లను మాత్రమే తీసి, పాయింట్లు సున్నా చేసి, తిరిగి చేర్చాను. మాస్టారి ఉత్తరాలను ఆయన అనుమతితో ఆర్కైవ్ నుంచి తీసి, మొదటి నుంచీ రోజుకొకటి చొప్పున మళ్లీ పంపాను. రెండో ఉత్తరానికే సోంపేట నుంచి ఒకరు, పలాస నుంచి ఒకరు జవాబు రాశారు.

ఇంతలో ఇంకో చిక్కు. కొంతమందికి కొన్ని ఉత్తరాలు మాత్రం ఇంకా అందట్లేదు. ఈరోజు అందినవాళ్లకు రేపు అందదు. ఈసారి నేరుగా లాగ్‌కే వెళ్లాను. సర్వర్ల అంకెల అడ్రస్‌లు రెండు రకాలు: పాతది ఐపీవీ4, కొత్తది ఐపీవీ6. తిరిగొచ్చినవన్నీ ఐపీవీ6 మీదుగా వెళ్లినవి. చేరినవన్నీ ఐపీవీ4 మీదుగా వెళ్లినవి. అవతలి సర్వర్‌కి రెండు రకాల అడ్రస్‌లూ ఉంటే పోస్ట్‌ఫిక్స్ ఏదో ఒకటి ఎంచుకుంటుంది. మా సర్వర్ ఐపీవీ4 అడ్రస్‌కి రివర్స్ డీఎన్ఎస్ ఉంది, ఐపీవీ6కి లేదు. రివర్స్ డీఎన్ఎస్ అంటే, ఈ అంకెల అడ్రస్ ఏ పేరుదో చెప్పే రికార్డు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, చిన్నా పెద్దా తేడా లేకుండా, పంపేవాళ్లందరికీ దీన్ని తప్పనిసరి నియమాల్లో పెట్టింది. ఐపీవీ6 విషయంలో అంతకుముందు నుంచే పట్టుదలగా ఉంది. సర్వర్ అద్దెకిచ్చినవాళ్ల ప్యానెల్‌లో ఐపీవీ6కి ఈ రికార్డు పెట్టుకునే వీలు లేకపోవడంతో టికెట్ పెట్టి అడిగాను. వాళ్లు పెట్టేదాకా పోస్ట్‌ఫిక్స్‌ను ఐపీవీ4 మీదే నడిపాను. రికార్డు వచ్చాక ఎస్‌పీఎఫ్‌లో కూడా ఆ ఐపీవీ6 అడ్రస్ చేర్చి, అప్పుడు మళ్లీ తెరిచాను. ఎస్‌పీఎఫ్‌లో చేర్చడం చాలామందికి గుర్తుండదు.

'ఫ్రమ్' మార్చడం వల్ల వచ్చే నష్టం కూడా దాచకుండా చెప్పాలి. ఫోన్లలో మెయిల్ యాప్‌లు, ఉత్తరం రాసినవాళ్ల పేరూ అడ్రసూ వాటంతట అవే గుర్తుపెట్టుకుంటాయి. ఇప్పుడు మాస్టారి పేరు పక్కన లిస్టు అడ్రస్ గుర్తుండిపోతుంది. ఒక సభ్యురాలు మాస్టారికి విడిగా రాద్దామని ఆయన పేరు కొట్టి, వచ్చిన అడ్రస్ ఎంచుకుని, తన ఇంటి విషయం రాసి పంపారు. అది లిస్టుకు వచ్చింది. నేను వెంటనే ఆర్కైవ్‌లోంచి తీసేశాను. కానీ అప్పటికే అందరి ఇన్‌బాక్సుల్లోకి వెళ్లినదాన్ని వెనక్కి తేలేం. ఆవిడకు ఫోన్ చేసి, "అక్కా, ఇందులో మీరు చేసిందేమీ లేదు, ఫోనే ఆ అడ్రస్ చూపించింది" అని చెప్పాను. తర్వాత అందరికీ బొమ్మలతో సహా ఒక ఉత్తరం పంపాను: మాస్టారి పేరు మీద సేవ్ అయిన లిస్టు అడ్రస్‌ను ఎలా తీసేయాలో, ఆయనకు విడిగా రాయాలంటే ఏ అడ్రస్ వాడాలో. ఇలాంటి మార్పు చేసేవాళ్లు సభ్యులకు ఈ ఉత్తరం ముందే పంపాలి.

ఇప్పుడు చేతిలో ఉన్న పని సబ్జెక్టు ట్యాగ్. పాత ట్యాగ్ 'సిక్కోలు చరిత్ర, భాష' అని తెలుగులో ఉంది (సిక్కోలు అంటే శ్రీకాకుళమే). మెయిల్ సబ్జెక్టులో తెలుగు నేరుగా వెళ్లదు, సంకేతాలుగా మారి ముక్కలు ముక్కలుగా వెళ్తుంది. ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటకూడదు. సంకేతాల ఖర్చు తీసేస్తే అందులో పట్టేది 45 బైట్లు. తెలుగులో ఒక్కో గుర్తుకు 3 బైట్లు, అంటే 15 గుర్తులు. గుడి, కొమ్ము, పొల్లు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి మా ట్యాగే ఒక ముక్కలో ఇమడదు. కొన్ని పాత యాప్‌లు రెండు ముక్కల మధ్య ఖాళీ వదిలేస్తాయి. హల్లు ఒక ముక్కలో, దాని గుణింతం ఇంకో ముక్కలో పడితే మధ్యలో చుక్కల సున్న కనిపిస్తుంది. టెక్కలి నుంచి ఒకాయన ఆ స్క్రీన్‌షాట్ పంపారు. ఇంగ్లీషు అక్షరాల్లో పెడదామని కొందరన్నారు. గిడుగు వారి మీద ఉత్తరాలు నడిచే లిస్టుకు ట్యాగ్ తెలుగులోనే ఉండాలని నా పట్టుదల. 'సిక్కోలు' అన్న ఒక్క మాటే ఉంచితే 24 బైట్లు, బ్రాకెట్లతో కలిపి 26. ఒక్క ముక్కలో సరిపోతుంది. ఈ ఆదివారం మార్చి, టెక్కలి ఆయన ఫోన్‌లో ఎలా కనిపిస్తోందో అడుగుతాను.